మంచు దేశపు వైరు

పరుపు తిరగేసి గోడకు ఆనించి ఉంది. దాని అడుగున, సరిగ్గా మనిషి నడుము ఆనే చోట, కంచమంత గోధుమరంగు మచ్చ. కాలిన మచ్చ. ఇంకా నల్లబడలేదు. నల్లబడడానికి ఎంతోసేపు పట్టేది కాదు.

మంచం గది మధ్యకు జరిగి ఉంది. అది ఉండిన చోట నేల మీద లావుపాటి పసుపుపచ్చ ఎక్స్‌టెన్షన్ వైరు, చుట్టలు చుట్టుకుని బద్ధకంగా పడి ఉంది. ప్లగ్గు పీకేసి చాలాసేపైనా, పిల్లి లేచిపోయిన గోనెసంచిలా ఇంకా వెచ్చగా ఉంది.

అమ్మిరాజు దాని పక్కన గొంతుక్కూర్చుని చేత్తో తాకి చూశాడు. చుట్ట మధ్యలోకి వేళ్ళు పోనిచ్చి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

కింద తన కరెంటు సామాన్ల కొట్లో సరుకు సర్దుకుంటూ ఉండగా మెట్ల మీంచి రబ్బరు వాసన దిగివచ్చింది. కమ్మరికి ఇనుము వాసన తెలిసినట్టు అతనికి తన సరుకు వాసన తెలుసు. పరుగున పైకి వచ్చి, పచ్చి బాలింతరాలైన భార్యను, ఒళ్ళో పిల్లను మంచం మీంచి దింపి, ఎదురుగా నిలబడ్డ అత్తగారి మీద జన్మలో మొదటిసారి గొంతు ఎత్తాడు. 

నరసాయమ్మ కిటికీ కింద పీట మీద కూర్చుని పొత్తిగుడ్డ మడతపెడుతోంది. మడతపెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. బయట ఉత్తరపు గాలి అరబ్బుల ఊరు మనామాలోని నయీమ్ పేట సందుల్లో దారి తప్పినట్టు తిరుగుతూ, కిటికీ అద్దాన్ని గిలక్కాయలా ఆడిస్తోంది.

"ఇది ఇక్కడికెలా వచ్చిందండీ అత్తయ్యగారూ?"

"కుంపటండి" అంది ఆవిడ తలెత్తకుండా.

"ఏంటీ?"

"బాలింత మంచం కింద కుంపటి ఉండద్దా అండి? బొగ్గులు రాజేస్తే ఇల్లుగలాయన ఊరుకోడని మీరే గదండీ అన్నారు. దీనికి పొగ లేదు, నిప్పురవ్వ లేదు, బూడిద ఎత్తే పని లేదు. ఇంతకంటే మంచి కుంపటి ఎక్కడ దొరుకుద్దండి?"

అమ్మిరాజు వైరు వెంట చూపు పోనిచ్చాడు. వంటింటి గోడ దగ్గర బయలుదేరి, గదిలోకి వచ్చి, ఇక్కడ చుట్టలుగా సేదతీరి, గుమ్మం దాటి నడవ చివర హీటరు దాకా పోయింది. హీటరు ముందు దండెం మీద పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. దాని గాలికి పిల్ల ముక్కు ఎండిపోతోందని హీటరును నడవలోకి గెంటించింది అత్తగారే. అక్కడ హీటరు గుడ్డలు ఆరబెడుతుంటే, దానికి కరెంటు మోసే వైరు ఇక్కడ మంచం కింద వేడెక్కుతూ వచ్చిందన్నమాట. ఒక ఖర్చు మీద రెండు రాబళ్ళు. అతని వ్యాపారపు బుర్రకు ముందు ముచ్చటేసింది. ఒళ్ళు జలదరించింది ఆ తరవాతే.

"చుట్ట విప్పకుండా హీటరు లాగే కరెంటు బరువంతా దాని మీద పెట్టకూడదండి. పరిచిన వైరులో వేడి గాలిలోకి పోతుంది. చుట్టిన వైరు వేడి చుట్టలోనే ఉండిపోతుంది. ముందు రబ్బరు కరుగుతుంది. ఆ తరవాత..." పిల్ల వైపు చూసి ఆగిపోయాడు.

"ఈ మాట ఎప్పుడు చెప్పారండీ మీరు?" అత్తగారు ఇప్పుడు తలెత్తింది. "మొన్న రాజమండ్రి మేస్త్రీ వచ్చినప్పుడు మెట్ల మీద కూర్చుని అంతా విన్నాను. మంచులో పాతిపెట్టినా పగలదన్నారు. వానలో నానినా చెడదన్నారు. లారీ ఎక్కినా చావదన్నారు. లారీ ఎక్కినా చావనిది నా కూతురు ఎక్కితే చస్తుందా అండి?"

అమ్మిరాజు లోలోపల లెక్క చూసుకున్నాడు. అమ్మేటప్పుడు గుణాలు చెబుతాం. జాగ్రత్తలు అడిగినవాడికి చెబుతాం. ఎవరూ అడగలేదు.

గోడవార చాప మీద పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న వీరవేణికి ఇంకా కళ్ళు పూర్తిగా తెరిపిడి పడలేదు.

"అరుచుకోకండి ఇద్దరూ" అంది మత్తుగా. "మంచి కల చెడగొట్టేశారు."

"కలేంటే, పట్టపగలు?"

"మన ఇటుక బట్టీ అమ్మా. నాన్న కాపలా పడుకున్నాడు. బట్టీ గోడకి వీపు ఆనించి నేనూ, తమ్ముడూ. మీద మంచు కురుస్తోంది, వీపు మాత్రం వెచ్చగా ఉంది. మా మధ్యన ఇదీ ఉందే. నాన్న దీన్ని ఎత్తుకుని, ఎవరమ్మాయే ఇది, కాలీ కాలని ఇటుకలా ఎర్రగా ఉంది అన్నాడు."

నరసాయమ్మ చేతుల్లో గుడ్డ ఆగిపోయింది. బట్టీ చల్లారి ఎంత కాలమో, దాన్ని కాల్చిన మనిషి పోయీ అంతే కాలం. మనవరాలిని ఎత్తుకోవడానికి ఆయనకు దొరికిన దారి ఈ వెచ్చదనం ఒక్కటే అయినట్టు, ఆవిడ ఆ పసుపుపచ్చ చుట్ట వైపు చూసింది.

"రోజూ చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నానండి" అంది మెల్లగా. "చెయ్యి ఓర్చిన వేడి ఒళ్ళు ఓరుస్తుంది. బట్టీ దగ్గర ముసలిదాన్నయ్యాను. నిప్పు సంగతి నాకు మీరు చెప్పక్కర్లేదు."

అమ్మిరాజు తన గొంతు తగ్గించాడు. కోపంతో అమ్మిన సరుకు ఇంటికి తిరిగొస్తుందని అతనికి తెలుసు.

"బట్టీ గోడ బయట వెచ్చగా ఉండేది కదండీ?"

"ఉండేదండి."

"లోపలో?"

నరసాయమ్మ లేచి వచ్చి, చుట్ట పైన చెయ్యి ఆనించింది. ఆ తరవాత వేళ్ళు లోపలికి పోనిచ్చింది. అల్లుడిలా వెంటనే లాక్కోలేదు. కావాలని కాసేపు అలాగే ఉంచింది.

వేళ్ళు బయటకు తీసి, పరుపు మీది మచ్చను చూసి, మనవరాలిని చూసి, చివరకు ఎవరినీ చూడకుండా అడిగింది.

"అయితే మరి క్యాంపులో మా అబ్బాయి కన్నబాబో అండి?"

"కన్నబాబుకేం?"

"వాడూ ఇలాంటి చుట్ట మీదే పడుకుంటున్నాడు."

అమ్మిరాజు ఆ వైరు చుట్టను మళ్ళీ చూశాడు.

పక్క దేశంలో యుద్ధం అయిపోయాక ఏదో మంచు దేశపు కంపెనీ తట్టాబుట్టా సర్దుకుని పోతూ సిత్రా దీవిలో వదిలేసిన సామాన్ల వేలంలో కొన్నాడు ఈ వైర్లను. గడ్డకట్టే చలిలో కూడా బిగుసుకోకుండా తాడులా మెత్తగా ఉండేలా, ఆరుబయట కట్టడం పనుల కోసం చేసినవి. మనామా బజారైన సూక్‌లో అందరూ నవ్వారు. ఒంటెలకు స్వెట్టర్లు కూడా కుట్టించకపోయావా అన్నారు. మంచి సరుకుకు కాలం రాకపోదని అతను నోరు మూసుకుని గోదాములో పెట్టాడు. ఈ ఏడు ఉత్తరపు గాలి సముద్రపు తేమను వెంటబెట్టుకుని దిగగానే, సిత్రాలోని కూలీల క్యాంపుల నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. అందరికీ పొడుగు వైరే కావాలి. ప్లగ్గు పక్కనే పని ఉన్నవాడికీ పొడుగుదే కావాలి.

ఎందుకని అతను అడగలేదు. అమ్ముడుపోతున్న సరుకును ఎందుకు కొంటున్నావని అడిగే వ్యాపారి ఎవడు? అది తన ముందుచూపు అనుకున్నాడు. నవ్విన సూక్‌కు జవాబు అనుకున్నాడు.

వాళ్ళు కొన్నది వైరు కాదు. వెచ్చదనం.

*

శుక్రవారం సెలవు కాబట్టి కన్నబాబు అన్నం వేళకు వచ్చాడు. చేతిలో కవరు నిండా కమలాపళ్ళు, మొహం నిండా నవ్వు. గుమ్మంలో కాలు పెట్టేసరికి తిరగేసిన పరుపు కనబడింది. నవ్వు పోయింది. కవరు చేతిలోనే ఉండిపోయింది.

"బావా, నేను చెప్తాను..."

"చెప్పు."

క్యాంపులో వాళ్ళు పడుకునే క్యాబిన్లన్నీ పలకచెక్కవని మొదలుపెట్టాడు కన్నబాబు. హీటరు పెడితే కంపెనీ వాళ్ళు పీకేస్తారు. పని వైర్లను మాత్రం రాత్రి క్యాబిన్లో పెట్టుకోమంటారు, బయటుంటే ఎవరైనా ఎత్తుకుపోతారని. స్నానాల షెడ్డులో నీళ్ళ డ్రమ్ములకు కరెంటు ప్లేట్లున్నాయి. వాటికి వైరు క్యాబిన్లోంచే లాగి, మిగిలినది చుట్టగా పరుపు కింద వేసుకుంటే, అటు నీళ్ళూ కాగుతాయి, ఇటు నడుమూ కాగుతుంది.

"కంపెనీ కరెంటు, మీ నడుములు. అత్త సొమ్ము అల్లుడు దానం" అన్నాడు అమ్మిరాజు.

"నా సొమ్ము మీరెప్పుడు దానం చేశారండీ?" అంది నరసాయమ్మ. అంత గొడవలోనూ వీరవేణి ఫక్కున నవ్వింది. మళ్ళీ ఎవరూ నవ్వకపోయేసరికి పిల్లను సర్దుకుంది.

"ఎంతమంది పడుకుంటున్నార్రా దీని మీద?"

"అందరూ బావా. ఒకళ్ళని చూసి ఒకళ్ళు. పగలు డ్యూటీ వాళ్ళు లేస్తే రాత్రి డ్యూటీ వాళ్ళు అదే వెచ్చదనంలో పడుకుంటారు. నా పక్క ఇవాళ రాత్రి డ్యూటీ అచ్చిబాబుకిచ్చి వచ్చాను. రాత్రంతా ఆయిలు ట్యాంకు పైన గాలిలో పనిచేసి పళ్ళు కొట్టుకుంటూ దిగాడు." కన్నబాబు చూపు ఎక్కడికో పోయింది. "మీకు తెలీదు బావా. ఆ వెచ్చదనం వీపుకి తగిలాక ఎవడూ క్యాంపులో ఉండడు. ఎవడి ఊరికి వాడు వెళ్ళిపోతాడు. మొన్న ఒక బెంగాలీ భాయ్ నిద్దట్లో వాళ్ళమ్మతో మాట్లాడాడు. మేమంతా లేచి కూర్చుని విన్నాం. భాష తెలీకపోయినా విన్నాం."



"సమూయేలుకి చెప్పాలి" అన్నాడు అమ్మిరాజు. సమూయేలు ఆ క్యాంపు చూసుకునే మనిషి, కరీంనగర్ వైపువాడు, అమ్మిరాజు కొట్లో పాత ఖాతాదారు.

కవరు జారి కమలాలు నేల మీద దొర్లాయి.

"చెప్పకండి బావా! చెప్తే ఖలాస్. మొదలుపెట్టింది ఎవడని ఆరా తీస్తారు. వాడిని విమానం ఎక్కించేస్తారు. నేను వచ్చి ఎన్నాళ్ళయిందని? పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది."

"మొదలుపెట్టింది నువ్వా?"

"నేనే. నేనే కనిపెట్టాను."

ఆ మాట మరీ తొందరగా వచ్చింది. బేరంలో ముందే ఒప్పేసుకున్నవాడిని ఇంకోసారి చూడాలి. అమ్మిరాజు ఇంకోసారి చూశాడు. కన్నబాబు కళ్ళు తల్లి వైపు పోకుండా జాగ్రత్తపడుతున్నాయి.

"తమ్ముడూ" అంది వీరవేణి, పిల్ల తల నిమురుతూ, కలలోంచి మాట్లాడుతున్నట్టు. "అమ్మ విమానం దిగకముందు ప్రతి శుక్రవారం చలి, చలి అని ఏడ్చేవాడివి. అమ్మ వచ్చాక ఒక్కసారీ అనలేదేరా?"

నరసాయమ్మ వంగి దొర్లిన కమలాలు ఒక్కొక్కటే ఏరుతోంది. మంచం కాలి దగ్గర ఉన్నదాన్ని అందుకుంటూ, అక్కడే ఆగిపోయింది.

"నేనేనండి" అంది నేలతో చెబుతున్నట్టు. "ముందు వేణి మంచం కింద పెట్టి చూశాను. బాగుంది. కొడుకు వణుకుతున్నాడు గదా, వాడికీ చెప్పాను. ఒక్క బిడ్డకే వెచ్చదనం ఇచ్చే తల్లి ఉంటుందా అండి?"

అమ్మిరాజు మనసులో త్రాసు పట్టుకున్నాడు. అతనికి తెలిసిన ఆలోచన అదొక్కటే. చెబితే బావమరిది బతుకు పోతుంది. చెప్పకపోతే ఏదో ఒక రోజు, చెక్క గదిలో, నిద్రపోతున్న మనుషుల కింద... రెండో తట్ట నేలకు తగిలింది. మొదటి దాంట్లో ఏం వేసినా అది లేవదు. పోనీ, త్రాసునే మార్చలేమా?

"యల్లా, పద. బండెక్కు" అన్నాడు లేస్తూ.

వెళ్ళేముందు వైరు చుట్టను పూర్తిగా విప్పాడు. గదిలోంచి నడవలోకి, నడవలోంచి మళ్ళీ గదిలోకి, ఇల్లంతా తీగపాదులా పరుచుకుంది. ఎటు నడిచినా దాటాల్సిందే. వీరవేణిని, పిల్లను నడవలో హీటరుకు కాస్త దూరంగా కూర్చోబెట్టి, కంబళి కప్పాడు.

"మంచం కింద కలలు ఇంక రావా అండీ?" అందామె.

"కలలకి వేరే ఏర్పాటు చూస్తాను."

కిందకు దిగేసరికి నరసాయమ్మ ముందే పికప్‌లో కూర్చుని ఉంది. వెనక పరుపు చుట్టి, తాడు కట్టి ఉంది.

"పరుపెందుకండీ?"

"కాలిన పరుపు బాలింత ఇంట్లో ఉండకూడదండి. దారిలో పారేద్దాం."

"మీరెందుకు మరి?"

"కొడుకు పడుకునే చోటు ఇంతవరకు చూడలేదు."

*

సిత్రాకు పోయే వంతెన దారిలో సముద్రం వెనక్కి తగ్గి ఉంది. నీళ్ళున్న చోట నీళ్ళు, లేనిచోట తడి ఇసుక, రెండూ పలచటి పాలలా ఒకే రంగులో ఉన్నాయి. ఆ తెలుపులో ఒక పడవ, నీటి మీదుందో ఇసుక మీదుందో తెలియకుండా, కదలకుండా నిలబడి ఉంది. దూరాన రిఫైనరీ గొట్టం మీద మంట గాలికి పక్కకు వాలి, మళ్ళీ లేస్తూ, ఎవరినో పిలుస్తున్నట్టుంది.

"ఆ బట్టీ ఎవరిదండి?" అని అడిగింది నరసాయమ్మ.

"ఈ దేశానిదండి."

"ఎప్పుడూ ఆరదా?"

"ఆరదు."

"అంత మంట పెట్టుకుని" అందావిడ, "పక్కన పడుకున్న పిల్లలకి చలేస్తోందంటే, ఆ కాపలావాడికి ఏం పని తెలిసినట్టు?"

 ఇద్దరి మధ్యా కన్నబాబు మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

దారిలో పారేసే చోట్లు చాలా వచ్చాయి. ఎక్కడా బండి ఆపమని ఆవిడ అనలేదు.

క్యాంపు నిద్రలో ఉంది. శుక్రవారం మధ్యాహ్నపు నిద్ర. వరసగా క్యాబిన్లు, మూసిన తలుపులు, ఒక్కో తలుపు కింద నుంచి ఒక్కో పసుపుపచ్చ వైరు బయటికొచ్చి, ఇసుకలో మెలికలు తిరుగుతూ స్నానాల షెడ్డులోకి పోతున్నాయి. షెడ్డులోంచి ఆవిరి లేస్తోంది. తన సరుకు ఇంత అందంగా ఎక్కడా కనబడలేదనిపించింది అమ్మిరాజుకు. ఆ తలపుకే సిగ్గేసింది.

సమూయేలు గేటు దగ్గరే ఎదురయ్యాడు. సెలవురోజు చర్చి ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టు ఇస్త్రీ చొక్కా ఇంకా విప్పలేదు.

"అరె, నువ్వే వచ్చినవా అన్నా! మంచిగైంది. నీకే ఫోన్ చేద్దామనుకుంటున్న. ఇంజనీరు సాబు నీ వైర్లు చూసి ఖుష్ అయిండు. మొత్తం సైటుకు గవే తెప్పియ్యమన్నడు. పక్క క్యాంపులకు గూడ."

గోదాములో మిగిలినదంతా ఒక్క మాటతో ఖాళీ అవుతుంది. సూక్‌లో ప్రతి కొట్టు ముందూ నడిచి రావచ్చు. అమ్మిరాజు ఆ మాటను ఒక్క క్షణం నోట్లో పెట్టుకుని, రుచి చూసి, పక్కన పెట్టేశాడు.

"లేదు భాయ్. ఉన్నవి వెనక్కి తీసుకుపోదామని వచ్చాను. అన్నీ. ఇప్పుడే."

"ఏమైందే?"

"సరుకు మంచిది కాదు."

ఆ మూడు మాటలు అనడానికి అతనికి ఒక జీవితం ఖర్చయినట్టుంది. చెడ్డ సరుకును మంచిదన్న వ్యాపారుల్ని చాలామందిని చూశాడు. మంచి సరుకును నోరారా చెడ్డదన్నవాణ్ణి ఇదే చూడడం. రేపు ఈ మాట సూక్‌కు చేరుతుంది. వీసా ఇచ్చిన కఫీల్ చెవిలోనూ పడుతుంది. అమ్మిరాజు కొట్లో పుచ్చు సరుకు అంటారు. అననీ. సరుకుదే తప్పయితే ఎవరూ ఎవరినీ విమానం ఎక్కించరు. ఈ మనుషులు మాత్రం మామూలు చలిలో, మామూలుగా వణుకుతూ, ప్రాణాలతో నిద్ర లేస్తారు.

బండిలో నరసాయమ్మ అల్లుడి వీపు వైపు చూస్తోంది.

సమూయేలు కాళ్ళ దగ్గరున్న వైరును పైకెత్తాడు. తాడులా ముడేసి, బిగించి, వదిలాడు. ముడి తనంతట తానే మెత్తగా విచ్చుకుంది.

"నీళ్ళల్ల తొక్కినం. ఇసుకల గుంజినం. ట్రక్కు ఎక్కిచ్చినం. ఒక్కటంటే ఒక్కటి పగుల్లే" అన్నాడు నెమ్మదిగా. "గిది మంచిది కాదంటవ్. అన్నా, ఇన్నేండ్ల సంది నీ తాన కొంటున్న. నీ సరుకును నువ్వు తిట్టంగ ఎన్నడు వినలే." అతని చూపు అమ్మిరాజును దాటి, తల వంచుకుని నిలబడ్డ కన్నబాబు మీదికి పోయింది. "ఎవల్ని కాపాడుతున్నవ్?"

అమ్మిరాజు నోరు తెరిచాడు. మాట రాకముందే ముక్కు పుటాలదిరాయి.

రబ్బరు వాసన.

వెనక ధబ్బున చప్పుడైంది. నరసాయమ్మ పరుపును బండి మీంచి ఇసుకలోకి తోసి, తాడు విప్పుతోంది. పరుపు తనంతట తానే పరుచుకుని, కాలిన మచ్చ ఆకాశం వైపు తిరిగింది.

"దీన్ని చూడు నాయనా" అంది సమూయేలుతో. "నా మనవరాలు పడుకున్నది దీని మీద. చేసింది నేను. నేర్పింది నేను. వీళ్ళిద్దరూ నాకోసం అబద్ధాలాడుతున్నారు. నన్ను ఏం చేస్తావో తరవాత చేద్దువుగాని, ముందు పిల్లల్ని లేపు!"

సమూయేలు ఒక్క చూపులో పరుపునూ, తలుపుల కింది వైర్లనూ, షెడ్డు ఆవిరినీ కలిపి చదువుకున్నాడు. షెడ్డులోకి దూకి చేతికందిన ప్లగ్గునల్లా పీకేయసాగాడు. అమ్మిరాజు తలుపుల మీద పిడికిళ్ళతో బాదుకుంటూ పోయాడు.

ఒక తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు. కంబళ్ళు చుట్టుకుని మనుషులు ఎండలోకి వచ్చి, ఏ ఊళ్ళోంచి లేచివచ్చారో గుర్తురానట్టు కళ్ళు నులుముకుంటున్నారు. ఒకడు నిద్రలోనే నవ్వుతున్నాడు.

వరసలో చివరి తలుపు మాత్రం తెరుచుకోలేదు. రబ్బరు వాసన దాని కింద నుంచే వస్తోంది.

"అచ్చిబాబూ!" అంటూ కన్నబాబు దాని వైపు పరుగెత్తాడు. అది అతను తన పక్కను అచ్చిబాబుకిచ్చి వచ్చిన క్యాబినే.